సాహసమూ, ప్రకటనా, బాధ్యతా

కిందటి వేసవిలో మా ఊరు పోయినప్పుడు ఒక సాయంకాలం కాలువ గట్టున నడుస్తున్నాను. వంతెన పిట్టగోడపైన పది పన్నెండేండ్ల పిల్లలు నలుగురు నిలబడి ఉన్నారు. పిల్లలు కాలువలో దూకడం మా ఊరికి కొత్త కాదు. నడుముకు బెండ్లు కట్టుకొని మేమందరమూ ఆ నీటిలోనే ఈత నేర్చినవాళ్లము. కాని మా కాలంలో దూకేవాడు నీటివంక చూచి దూకేవాడు. ఆనాడు దూకబోతున్న పిల్లవాడు చూస్తున్నది గట్టుమీది స్నేహితుని చేతిలో ఉన్న ఫోనువంక. ఒక చేత శీతల పానీయపు సీసా ఎత్తి పట్టుకొని, టెలివిజన్ ప్రకటనలో నటుడు పలికే మాట ఒకటి గట్టిగా అరచినాడు. కాలువకు నీరు తగ్గించి అప్పటికి నాలుగు రోజులైనది. గేదెలను కడుగుతున్న ఒక పెద్దాయన కేకవేసి వాణ్ణి ఆపినాడు.

"ఏరా, లోతు చూసుకున్నావా?"

"టీవీలో ఆయన చూసుకొనే దూకాడా, తాతా?"

పిల్లవాడు ఎదురు మాట చెప్పాలని అనలేదు. నిజంగానే అడిగినాడు. పెద్దాయన వద్ద సమాధానం లేదు. ప్రసారాల వృత్తిలో ఇన్నేండ్లు గడిపిన నా వద్ద సమాధానం ఉన్నది గాని, ఆ క్షణంలో నోటికి రాలేదు. ఆ సమాధానమే నేటి నా ప్రసంగం.

టెలివిజన్‌లోని ఆ మనిషి చూచుకొనే దూకినాడు. అతని తరఫున పదిమంది చూచినారు. నీటి లోతు ముందుగా కొలిచినారు. అడుగున ఈతగాండ్రను నిలిపినారు. నడుముకు కట్టిన తీగను తరువాత చిత్రంలోనుండి చెరిపివేసినారు. దూకినవాడు నటుడు కానే కాదు. ఆ విద్యలో ఆరితేరిన మరొకడు. గట్టున వైద్యుడు సిద్ధంగా ఉన్నాడు. ఇంత ఏర్పాటు జరిగినది. కాని ఆ పిల్లవాడు చూచిన చిత్రంలో ఈ ఏర్పాటు ఏదీ లేదు. చేసినదంతా కత్తిరించి, దూకడం ఒక్కటే మిగిల్చినారు. కత్తిరించినవారికి ఆ పిల్లవాని విషయంలో బాధ్యత ఉన్నదా, లేదా? ఈ ప్రశ్నకు దాదాపు రెండువందల ఏండ్ల చరిత్ర ఉన్నది.

ప్రమాదాన్ని చూపి వ్యాపారం చేయడం సినిమా, టెలివిజన్‌లకంటె చాల ముందే పుట్టిన విద్య. అమెరికాకూ కెనడాకూ సరిహద్దున ఉన్న నయాగరా జలపాతాన్ని గూర్చి వినని వారుండరు. 1827వ సంవత్సరంలో ఆ జలపాతం పక్కన హోటళ్లు నడిపే యజమానులు కొందరు కలిసి, కాలం చెల్లిన మిషిగన్ అనే ఓడను కొన్నారు. దానిలో కొన్ని జంతువులను ఎక్కించి, జలపాతం మీదుగా పడవేస్తామని ఊరూరా ప్రకటించినారు. సెప్టెంబరు 8వ తేదీన వేలాది జనం వచ్చినారు. హోటళ్లు నిండినవి. ఓడ ముక్కలు ముక్కలైనది. మేడు పడకముందే నీటిలోకి దూకి ఒడ్డుచేరిన రెండు ఎలుగుబంట్లు వివేకం చూపినవి.

ఆనాడు మనుషులెవరికీ ప్రాణభయం లేదు. కాని ప్రమాదం చూడడానికి జనం డబ్బు ఖర్చుపెట్టుకొని వస్తారని వ్యాపారులకు రుజువైనది. రెండేండ్లు గడిచేసరికి జంతువుల స్థానంలోకి మనిషి వచ్చినాడు. అతని పేరు శామ్ ప్యాచ్. బాల్యంనుండీ నూలు మిల్లులలో పనిచేసిన కూలి. మిల్లుల వద్దనున్న జలపాతాల మీదనుండి దూకడం అతనికి అలవాటైనది. 1829 అక్టోబరులో నయాగరా హోటలు యజమానులు అతనిని పిలిపించినారు. జలపాతం పక్కన ఎత్తైన మంచె కట్టించినారు. అతడు దూకి క్షేమంగా పైకి తేలినాడు. దేశమంతటా పేరు వచ్చినది. ఆ పేరును నిలుపుకొనడానికి మరల దూకవలసి వచ్చినది. నవంబరు 13వ తేదీన రాచెస్టరు నగరంలో జెనెసీ జలపాతం మీద మరికొంత ఎత్తున మంచె వేసి, ఇదే ఈ ఏటికి చివరిసారి అని గోడపత్రాలు అంటించి దూకినాడు. మరల పైకి రాలేదు. మరుసటి మార్చి నెలలో నదిమీది మంచులో అతని శవం దొరికినది.

అప్పుడు రాచెస్టరు ప్రజలలో గొప్ప కలవరం పుట్టినది. దూకినవాడు తన ఇష్టంతో దూకినాడని కొందరు సమాధానపడినారు. చూడడానికి జనం పోకపోతే అతడు దూకేవాడే కాడని, పోయిన ప్రతి ఒక్కరికీ ఆ మరణంలో భాగం ఉన్నదని కొందరు మతబోధకులు చెప్పినారు. చూచినవారికి భాగం ఉన్నదనుకొంటే, పిలిచి మంచె కట్టించి, జనాన్ని పోగుచేసి, గదుల అద్దె లెక్కపెట్టుకొన్న నయాగరా యజమానుల భాగం ఎంత? ఆనాడు ఆ లెక్క వేసినవారు కనిపించరు.

ఆ శతాబ్దం చివరకు రైలు కంపెనీలు ఈ విద్యను ఇంకా పెద్దది చేసినవి. 1896 సెప్టెంబరు 15వ తేదీన టెక్సాస్ రాష్ట్రంలో వేకో పట్టణం సమీపాన, మిస్సోరి-కాన్సస్-టెక్సాస్ రైలు కంపెనీ రెండు పాత రైళ్లను ఎదురెదురుగా నడిపించి ఢీకొట్టించినది. ఈ ఆలోచన ఆ కంపెనీ ఉద్యోగి విలియం క్రష్ అనే ఆయనది. ప్రదర్శన చూడడానికి రుసుము లేదు. కాని అక్కడికి పోవడానికి ఆ కంపెనీ రైలే ఎక్కవలసి ఉన్నది. రాష్ట్రంలో ఎక్కడినుండి వచ్చినా టిక్కెట్టు రెండు డాలర్లు. ఒక్కరోజు కోసం అక్కడ క్రష్ పేరుతో ఒక ఊరే వెలసినది. దాదాపు 40,000 మంది జనం చేరినారు. ఇంజనుల బాయిలర్లు పగలవని నిపుణులు హామీ ఇచ్చినారు. డ్రైవర్లు ముందుగానే దూకివేసినారు. రైళ్లు ఢీకొన్నవి. రెండు బాయిలర్లూ పగిలినవి. ఇనుప ముక్కలు వందల గజాల దూరానికి ఎగిరి జనంమీద పడినవి. కనీసం ఇద్దరు మరణించినారు, ఎందరో గాయపడినారు. ఆ దృశ్యాన్ని తీయడానికి నియమితుడైన ఛాయాగ్రాహకుడు ఒక కన్ను పోగొట్టుకొన్నాడు. కంపెనీ క్రష్‌ను వెంటనే పనినుండి తొలగించి, కొద్ది రోజులలోనే తిరిగి తీసుకొన్నది. కంపెనీ పేరు దేశమంతటా మారుమోగినది గదా!

ఈ రెండు కథలలోనూ ఒక సామాన్య లక్షణం ఉన్నది. లాభం ఒకరిది, ప్రమాదం మరొకరిది. ఈ లక్షణం అన్నింటికంటె స్పష్టంగా కనిపించే ఘట్టం 1927లో జరిగిన విమానాల పందెం. ప్రకటనకర్తల బాధ్యతను గూర్చి ఆలోచించేవారు ఈ కథను కొంత వివరంగా తెలుసుకోవాలి.

ఆ ఏడు మే 20, 21 తేదీలలో ఛార్లెస్ లిండ్‌బర్గ్ న్యూయార్కునుండి పారిస్‌కు ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ఎగిరి, రేమండ్ ఓర్టీగ్ అనే హోటలు యజమాని ప్రకటించిన 25,000 డాలర్ల బహుమానాన్ని గెలిచినాడు. లోకమంతా విమానాల మాటే. నాలుగు రోజులు తిరగకముందే, అనగా మే 25వ తేదీన, హవాయి దీవులలో అనాసపండ్లను డబ్బాలలో నింపి అమ్మే కంపెనీ అధిపతి జేమ్స్ డోల్ మరొక బహుమానం ప్రకటించినాడు. అమెరికా ఖండంనుండి హొనొలూలూకు మొదట చేరిన విమానానికి 25,000 డాలర్లు, రెండవదానికి 10,000 డాలర్లు. హవాయి పేరూ, అనాసపండు పేరూ ప్రతి పత్రిక మొదటి పుటలోనూ కనపడతాయి. డోల్ దుర్మార్గుడు కాడు. విమానాల భవిష్యత్తును నమ్మినవాడు. తాను దేశానికి మేలు చేస్తున్నానని నిజంగానే అనుకొన్నాడు.

ఓర్టీగ్ బహుమానానికీ దీనికీ ఒక పెద్ద తేడా ఉన్నది. ఓర్టీగ్ తన బహుమానాన్ని 1919లో ప్రకటించినాడు. దానిని గెలవడానికి ఎనిమిదేండ్లు పట్టినది. ఆ ఎనిమిదేండ్లలో ఇంజనులు బలపడినవి, దిక్కు తెలుసుకొనే సాధనాలు మెరుగైనవి. ఐనప్పటికీ ఆ ప్రయత్నంలో కొందరు ప్రాణాలు కోల్పోయినారు. డోల్ పందెం ఆగస్టు 12వ తేదీన మొదలు కావలసి ఉన్నది. ప్రకటననుండి అప్పటికి పదకొండు వారాలు. బహుమానం గెలవడానికి ఏడాది గడువు ఉన్నా, మొదట చేరినవారికే పెద్ద మొత్తం గనుక, అందరూ ఆ ఒక్క తేదీకే త్వరపడినారు.

కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌నుండి హొనొలూలూకు 2,400 మైళ్లు. నడుమ నేల లేదు. ఆ మహాసముద్రంలో హవాయి దీవులు చాపమీద చల్లిన నాలుగు గింజల వంటివి. బయలుదేరేటప్పుడు దిక్కు ఒక్క డిగ్రీ తప్పితే, చేరేవేళకు విమానం 40 మైళ్లకు పైగా పక్కకు పోతుంది. ఆపైన ఇంధనం అయిపోయేవరకు నీరే. జూన్ నెలాఖరున అమెరికా సైన్యానికి చెందిన మెయిట్లండ్, హెగెన్‌బర్గర్ అనే ఇద్దరు అధికారులు ఎంతో కాలంగా సాధన చేసి, మంచి సాధనాలతో, ఆ దూరాన్ని మొదటిసారి దాటినారు. జూలైలో మరి ఇద్దరు దాటినారు. కాబట్టి ఆగస్టు నాటికి విమానం హవాయి చేరగలదని నిరూపించవలసిన అవసరం లేదు. మిగిలినది పందెం, ఆ పందెంతో వచ్చే ప్రచారం.

పందెంలో దిగిన విమానాలలో కొన్నింటి వెనుక వేరే వ్యాపారులు చేరినారు. ఒకదాని వెనుక పెట్రోలు కంపెనీ, మరొకదాని వెనుక పత్రికాధిపతి హెర్స్ట్. రంగుల కంపెనీ ఒకటి తన పేరునే విమానానికి పెట్టించినది. పందెం మొదలు కాకముందే మరణాలు మొదలైనవి. ఓక్‌లాండ్‌కు బయలుదేరిన ఇద్దరు నౌకాదళ అధికారులు శాన్ డియేగో వద్ద కొండకు కొట్టుకొని మరణించినారు. మరొక విమానాన్ని పరీక్షిస్తూ ఇంకొక వైమానికుడు మరణించినాడు. చాల విమానాలు సిద్ధంగా లేవని ప్రభుత్వ పరీక్షకులు గ్రహించినందువలన పందెం నాలుగు రోజులు వాయిదా పడినది. నాలుగు రోజులు! అనాసపండు పక్వానికి రావడానికి కూడా అంతకంటె ఎక్కువ కాలం పడుతుంది.

ఆగస్టు 16వ తేదీన ఎనిమిది విమానాలు వరుసకు నిలిచినవి. రెండు లేవలేక మైదానంలోనే దెబ్బతిన్నవి. రెండు లేచి, చెడిపోయి తిరిగివచ్చినవి. మిస్ డోరన్ అనే మరొక విమానం కూడా ఇంజను సరిగా పనిచేయక కొద్ది నిమిషాలలోనే తిరిగివచ్చినది. దానిలో మిల్డ్రెడ్ డోరన్ అనే 22 ఏండ్ల పాఠశాల ఉపాధ్యాయిని ప్రయాణిస్తున్నది. ఆమెకు విమానం నడపడం రాదు, దిక్కు చూడడం రాదు. పత్రికలలో ఆమె చిత్రం ప్రతిరోజూ అచ్చవుతున్నది. ఇక పోవద్దని కొందరు బ్రతిమాలినారు. ఇంజను బాగుచేసినారు, ఆమె తిరిగి ఎక్కినది. విమానం రెండవసారి లేచి పడమటి దిక్కుకు సాగిపోయినది.

వూలరాక్ అనే విమానం 26 గంటల 17 నిమిషాలలో హొనొలూలూ చేరి మొదటి బహుమానం గెలిచినది. ఆ విమానంలో వైర్‌లెస్ ఉన్నది. సైన్యం నేలనుండి పంపే సంకేతాన్ని వింటూ అది దారి తప్పకుండా పోయినది. రెండవదైన అలోహ దారి తెలియక, మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చేవరకు సముద్రంమీద తిరిగి, లెక్క సరిచూచుకొని, అడుగంటిన ఇంధనంతో దిగినది. గోల్డెన్ ఈగిల్, మిస్ డోరన్ విమానాల జాడ నేటికీ తెలియదు. వాటిలో ఉన్నవారు ఐదుగురు.

కథ అంతటితో ఆగలేదు. చెడిపోయి తిరిగివచ్చిన డాలస్ స్పిరిట్ అనే విమానాన్ని బాగుచేసి, అందులో వైర్‌లెస్ అమర్చి, ఎర్విన్, ఐక్వాల్ట్ అనే ఇద్దరు ఆగస్టు 19వ తేదీన తప్పిపోయినవారిని వెదకడానికి బయలుదేరినారు. సముద్రంమీదనుండి గంటగంటకూ సందేశాలు పంపుతూ పోయినారు. నేలమీద వాటిని వింటున్నవారికి, రాత్రివేళ, విమానం సుడి తిరుగుతూ పడుతున్నదని ఒక సందేశం వినవచ్చినది. తరువాత నిలదొక్కుకొన్నామని మరొకటి. మరల సుడి తిరుగుతున్నదని ఇంకొకటి. ఆ మాట మధ్యలోనే తెగిపోయినది. వినేవాడిని చేయి చాచి ఏమీ చేయలేని సాక్షిగా నిలిపిన రాత్రి అది. రేడియోలో పనిచేసేవానిగా ఆ నిశ్శబ్దాన్ని నేను సులభంగా ఊహించగలను.

మొత్తం పదిమంది చనిపోయినారు. తప్పిపోయిన విమానాలను కనుగొన్నవారికి డోల్ తానే మరల బహుమానం ప్రకటించినాడు. ఎవరికీ అందలేదు. దేశంలో విమర్శలు వెల్లువెత్తినవి. అప్పుడు వినిపించిన సమర్థనలు నేటికీ వినిపించేవే. పాల్గొన్నవారందరూ పెద్దవారు, తమ ఇష్టంతో వచ్చినారు. ప్రభుత్వం పరీక్ష చేసినది. విజ్ఞానం త్యాగం కోరుతుంది. వీటిలో ప్రతిదీ కొంత నిజమే. కాని తేదీని నిర్ణయించినది ఎవరు? పదకొండు వారాలు చాలునని అనుకొన్నది ఎవరు? వైర్‌లెస్ లేని విమానం పందెంలో నిలవరాదని షరతు పెట్టగలిగీ పెట్టనిది ఎవరు? పాల్గొన్నవాని ఇష్టం అతని బాధ్యతను తెలుపుతుంది. పిలిచినవాని బాధ్యతను అది తుడిచివేయదు.

తరువాతి కాలంలో సినిమాలూ టెలివిజన్‌లూ వచ్చి ఈ వ్యాపారపు రూపాన్ని మార్చినవి. ఇప్పుడు ప్రకటనకర్త నిజంగా ఎవరినీ జలపాతంనుండి తోయవలసిన పని లేదు. దూకినట్లు చిత్రం తీస్తే చాలును. తీగలు, వలలు, కూర్పు, ఇటీవల కంప్యూటరు బొమ్మలు ఉన్నవి. చిత్రీకరణలో సాధారణంగా ఎవరికీ గోరు కూడా విరగదు. దీనివలన ప్రమాదం తగ్గినదని అనుకొంటాము. ఒక విధంగా తగ్గినది. కాని మరొక విధంగా అది చోటు మారినది. పూర్వం ప్రమాదం ప్రదర్శించేవానికి ఉండేది; చూచేవాడు కళ్లారా ఆ ఫలితాన్ని కూడా చూచేవాడు. శామ్ ప్యాచ్ పైకి రాలేదని రాచెస్టరులో పిల్లవానికి కూడా తెలిసినది. నేడు చిత్రంలో దూకినవాడు ప్రతిసారీ నవ్వుతూ పైకి వస్తాడు. రోజుకు ఇరవైసార్లు దూకితే ఇరవైసార్లూ వస్తాడు. ప్రమాదం ఇప్పుడు చూచే పిల్లవాని వద్దకు వచ్చి కూర్చున్నది, అదీ ప్రమాదం కానట్లుగా.

మన దేశంలో ఈ సమస్యను ప్రసార సంస్థలు మొదటినుండీ గుర్తించకపోలేదు. ఆకాశవాణి చాలకాలం వ్యాపార ప్రకటనలను తీసుకోలేదు. 1957లో వివిధ భారతి మొదలైనది. దానిలో ప్రకటనలకు చోటిచ్చినది 1967 నవంబరు 1వ తేదీన, బొంబాయి, పూనా, నాగపూరు కేంద్రాలలో. 1976 జనవరి 1నుండి దూరదర్శన్ కూడా ప్రకటనలను ప్రసారం చేయసాగినది. ఈ ప్రసారాల కోసం ఏర్పరచిన నియమావళిలో పిల్లలను గూర్చిన ఒక నియమం ఉన్నది. పిల్లల క్షేమానికి భంగం కలిగించేవి, ప్రమాదకరమైన అలవాట్లపై వారికి ఆసక్తి పుట్టించేవి ప్రసారం చేయరాదు. దానికి ఉదాహరణలు కూడా ఇచ్చినారు: నడివీధిలో ఆడుకోవడం, కిటికీనుండి ప్రమాదంగా బయటకు వంగడం, అగ్గిపెట్టెలతో ఆడుకోవడం. ఆ జాబితా చదివితే కార్యాలయంలో కూర్చుని వ్రాసినట్లు తోచదు. పిల్లలున్న ఇల్లాలు ఎవరో దగ్గర కూర్చుని చెప్పినట్లుంటుంది.

రేడియోలో బొమ్మ లేదు గనుక మాకు ఈ చిక్కు లేదని కొందరు అనుకొంటారు. స్టూడియోలో బకెట్టు నీటిలో చేయి ఆడించి గోదావరిని సృష్టించినవాళ్లము మేము. ఆ చప్పుడుకు వినేవాడు తన మనస్సులో ఎంత లోతైన నది కావాలంటే అంత లోతైన నదిని కట్టుకొంటాడు. చూపినవాడికంటె వినిపించినవాడికి బాధ్యత తక్కువ కాదు.

1985లో ప్రకటనకర్తలూ, పత్రికలూ, ప్రచార సంస్థలూ కలిసి భారత ప్రకటనా ప్రమాణాల మండలిని స్థాపించుకొన్నవి. తగిన కారణం లేకుండా ప్రమాదకరమైన పనులను చూపరాదని, భద్రతపట్ల నిర్లక్ష్యాన్ని ప్రోత్సహించరాదని ఆ మండలి నియమం. వాహనాల ప్రకటనలలో రహదారి నిబంధనలను అతిక్రమించడం, మామూలు రద్దీలో విన్యాసాలు చేయడం చూపరాదని కూడా అది చెప్పినది. కేబుల్ టెలివిజన్ నియమాలు ఆ స్మృతికి బలం చేకూర్చినవి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు వెలువరించినది. పిల్లలకు ప్రమాదం తెచ్చే ప్రవర్తనను ప్రకటనలు ప్రోత్సహించరాదని వాటిలో ఉన్నది. ఏదైనా వివరణ ఇవ్వవలసి వస్తే, ప్రకటనలోని ప్రధాన వాక్యం ఏ భాషలో ఉన్నదో వివరణ కూడా ఆ భాషలోనే, స్పష్టంగా కనపడేటట్లు ఉండాలని కూడా ఉన్నది.

ఈ చివరి మాట చిన్నదిగా తోచినా ముఖ్యమైనది. "నిపుణులు చేసిన విన్యాసం, అనుకరించవద్దు" అనే హెచ్చరికను మనమందరం చూచినాము. చూచినామనడం కూడా అతిశయోక్తేమో. తెర అడుగున, చీమకాళ్ల వంటి అక్షరాలతో, తరచు ఇంగ్లీషులో, రెండు క్షణాలపాటు వచ్చి మాయమవుతుంది. మాట తెలుగులో, పాట తెలుగులో, హీరో తెలుగువాడు; హెచ్చరిక మాత్రం ఇంట్లో మామ్మకూ మనుమడికీ రాని భాషలో. ప్రకటనకు నచ్చజెప్పే శక్తి ఉన్నదని నమ్మి కోట్లు ఖర్చుచేసేవారు, ఆ ప్రకటనలోని ప్రమాదానికి మాత్రం ఎవరినీ నచ్చజెప్పే శక్తి లేదని వాదించడం చెల్లదు. సబ్బు కొనిపించగల చిత్రం గోడ కూడా ఎక్కించగలదు.

ఇక సాహసాన్ని ప్రకటనలనుండి వెలివేయాలా? ఈ ప్రశ్నకు ఇటీవలి చరిత్రలో రెండు ఉదాహరణలు చెప్పి ముగిస్తాను.

మొదటిది అమెరికాలోనిది. శక్తినిచ్చే తినుబండారాలు చేసే క్లిఫ్ బార్ అనే కంపెనీ, ఏండ్ల తరబడి కొండలెక్కే సాహసులకు ఆర్థిక సహాయం చేసి, వారి పేరుతో తన సరుకుకు పేరు తెచ్చుకొన్నది. 2014లో అది ఐదుగురికి ఆ సహాయం ఆపివేసినది. తాడు లేకుండా నిట్టనిలువు కొండలెక్కడం, శిఖరాలనుండి దూకి ఎగరడం వంటి పనులలోని ప్రమాదంనుండి తాను లాభం పొందడం తనకు సమ్మతంగా లేదని కంపెనీ చెప్పినది. ఇన్నేండ్లు లాభం పొంది ఇప్పుడు వదలడమేమిటని చాలమంది ఆక్షేపించినారు. తమ ప్రాణాన్ని గూర్చిన లెక్క తాము వేసుకొంటామని సాహసులు అన్నారు. వారిలో ఒకడైన డీన్ పాటర్ మరుసటి ఏడు, 2015 మే నెలలో, యోసెమిటీ లోయలో అలా ఎగురుతూ మరణించినాడు. కంపెనీ డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా అతడు ఎగిరేవాడే. ఐనప్పటికీ, ఈ ప్రమాదంనుండి నేను లాభం తీసుకోవచ్చునా అని ఒక వ్యాపార సంస్థ బహిరంగంగా తనను తాను ప్రశ్నించుకొనడం చెప్పుకోదగిన సంగతి. నయాగరా హోటళ్లవారు వేసుకోని ప్రశ్న, డోల్ ఆలస్యంగా ఎదుర్కొన్న ప్రశ్న అదే.

రెండవది మన తెలుగునాటిది. అదే 2014వ సంవత్సరం మే 25వ తేదీన నిజామాబాదు జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా యువకుడు ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం చేరినారు. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. ఇంతకంటె పెద్ద సాహసం ఏమున్నది? దానిని మనం పిల్లలకు చెప్పకూడదా? తప్పక చెప్పాలి. కాని ఆమె కథ చెప్పేవారు భువనగిరి గుట్టమీద తాడు పట్టడం నేర్చుకొన్న రోజులను చెబుతారు. డార్జిలింగు శిక్షణను చెబుతారు. లదాఖు చలిలో చేసిన సాధనను చెబుతారు. వెంట ఉండి నేర్పిన గురువులను చెబుతారు. ఆ కథ విన్న బాలిక రేపే ఇంటి వెనుక కొండ ఎక్కిపోదు. ఎక్కడ నేర్పుతారని అడుగుతుంది. సాహసానికి ముందున్న నెలలను కత్తిరించకుండా చూపితే అది విద్య అవుతుంది. వాటిని కత్తిరించి చివరి ముప్పది సెకండ్లు మాత్రం చూపితే అది ఎర అవుతుంది.

ప్రకటనకర్తలను కోరవలసినది కూడా ఇంతే. ప్రమాదం లేకపోయినా తన సరుకు గుణం తెలుస్తుందా అని మొదట ఆలోచించాలి. తెలిసేటట్లైతే ఆ ప్రమాదం అక్కడ అనవసరం. సాహసం చూపక తప్పదంటే, లోతు కొలిచే మనిషిని కూడా చిత్రంలో ఉంచాలి. తాడునూ, శిరస్త్రాణాన్నీ, గురువునూ చెరిపివేయకూడదు. ఈ చిత్రాన్ని చూచేవారిలో అందరికంటె చిన్నవాడు, అనుభవం లేనివాడు ఇదే పనిచేస్తే ఏమవుతుందో ఊహించి, ఆ ఊహకు తాను జవాబుదారీ అనుకోవాలి. చట్టాలు కావలసిందే. కాని నియమం తరచు ప్రమాదం జరిగిన తరువాతనే ఆలోచనకు వస్తుంది. నియమం వచ్చేలోపల ఉండే కాలమంతా మనిషి మనస్సాక్షిమీదనే నడవాలి.

ఇళ్లలో పెద్దలకు కూడా ఒక పని ఉన్నది. ప్రకటన వచ్చినప్పుడు కట్టివేయడంకంటె, దానిని ఎట్లా తీసి ఉంటారో పిల్లలతో మాట్లాడడం మేలు. తీగ ఎక్కడ కట్టి ఉంటారు, కింద ఎవరు నిలబడి ఉంటారు అని అడిగితే పిల్లలు చాల తెలివిగా కనిపెడతారు.

కాలువ గట్టున పెద్దాయన చేసినది అటువంటి పనే. ఆయన పిల్లవాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. చేయి పట్టి కిందికి దింపి, పక్కనున్న వెదురు గడను తెచ్చి, వంతెన కింద నీటిలో దించి పైకి తీసి చూపినాడు. గడకు అంటిన తడి మూడడుగులకు మించలేదు. పిల్లవాడు ఆ తడి గుర్తువంక చూచి, సీసాను గట్టున పెట్టి, గడను తన చేతిలోకి తీసుకొని, కొంచెం అవతల మరొకచోట తానే లోతు చూడసాగినాడు.